గలీబు లోపలి అక్షరములు

మా యింటిలో కుట్టిన అక్షరములకు కొదువ లేదు. వాకిటి తెరమీద ‘సుస్వాగతము’, దిండు గలీబులమీద ‘శుభరాత్రి’, బల్లగుడ్డ మూలను నాన్నగారి పేరులోని తొలి అక్షరములు. అన్నియు మా యక్క చేతిపనియే. వచ్చిన చుట్టములు చిలుకల ముక్కులను, గొలుసుకుట్టు తీరును మెచ్చుకొనెడివారు. అక్షరములను మాత్రము ఎవరును చదివెడివారు కారు. చదువుటకు వాటిలో నేమున్నది? అవి ఊరివారందరి మాటలు.

30 ఏండ్ల క్రిందట అక్క పదవ తరగతిలో ఉత్తీర్ణురాలయ్యెను. పై చదువునకు పట్టణము పంపుట యనవసరమని పెద్దలు నిశ్చయించి, ఆమె చేతికి వెదురు చట్రమును, దారపు చుట్టలను ఇచ్చిరి. నేనప్పుడు ఎనిమిదవ తరగతి. శబ్దములు వల్లించుచు, లోకములోని తప్పులనెల్ల దిద్దుటకే పుట్టితినని తలచెడి కాలమది. ఒకనాడు దిండు మార్చుచుండగా గలీబు లోపలి మడతలో, తెల్లని గుడ్డమీద తెల్లని దారముతో, కాడకుట్టున కుట్టిన రెండు మాటలు కనబడినవి: ‘నేను విధ్యార్థిని’. వెంటనే పెన్సిలు తీసి ఆ ‘ధ’కు సున్న చుట్టి, ‘ఇక్కడ ఒత్తు రాదు’ అని ప్రక్కను వ్రాసితిని. వ్రాసి, అక్కకు చూపి, మెప్పునకై నిలుచుంటిని. ఆమె యేమియు ననలేదు. మరునాటికి ఆ మాటలు లేవు. ఒత్తు విప్పిన చాలదా, అంతయు నేల విప్పితివని కూడ అడిగితిని. సూది రంధ్రములు మాత్రము కొంతకాలము కనబడుచునే యుండెను.

ఇది మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణము ఒక ఛాయాచిత్రము. ఇంగ్లండులోని ససెక్సు సీమలో 1813లో పుట్టిన ఎలిజబెత్ పార్కర్ కూలివాని కూతురు. చిన్నతనముననే పరుల యిండ్లలో పనికి కుదిరినది. ఒక యజమాని చెరుపబోగా ప్రతిఘటించినందుకు అతడు మెట్లమీదినుండి త్రోసెను. ఆమె దిగులుపడి ప్రాణము తీసికొనవలెనని కూడ తలచినది. ఈ కథనంతయు 1830 ప్రాంతమున నారగుడ్డమీద ఎర్రపట్టుదారముతో 46 పంక్తులుగా కుట్టినది. పూవు లేదు, లత లేదు, అంచు లేదు. తనకు వ్రాయుట రాదని మొదటనే చెప్పుకొన్నది! తన యాత్మ గతి యేమగునను ప్రశ్న నడుమ కుట్టు ఆగిపోయినది. క్రింద గుడ్డ ఖాళీ. పిమ్మట ఆమె బడిపంతులమ్మగా జీవించి 1889లో మరణించెను. ఆ గుడ్డ నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున నున్నది.

నన్ను పట్టినది ఆ యెర్రదారము. దాసీపిల్లలకు ఆ కాలమున అట్టి కుట్టు నేర్పుట, యజమానుల దుప్పట్లమీద వారి గుర్తులు కుట్టుటకు. దొరసొత్తునకు గుర్తు వేయ నేర్పిన విద్యతోనే ఆమె దొర చేసిన పనిని కుట్టి పెట్టినది. ఓటుహక్కునకై పోరి 1912లో లండనులోని హాలోవే చెరసాల కేగిన స్త్రీలలో 66 మంది యొక్క చేతిరుమాలుమీద తమ పేర్లు కుట్టుకొనిరి. ఆడపిల్లకు అణకువ నేర్పిన సూదియే ఎదిరించుటకును సాధనమైనదని రోజికా పార్కర్ 1984లో నొక గ్రంథమే వ్రాసెను. ఇది కళయా కాదా యని మా పాఠశాలలో నొక మిత్రుడు వాదించును. నాకా వాదముతో పని లేదు. కలముతో పంక్తి వ్రాయు కాలములో సూదితో రెండక్షరములైనను పూర్తికావు. అంతసేపు ఆ మాటను చేత పట్టుకొని కూర్చున్నవారి వాక్యమును నేను వర్ణక్రమముగా చదివితిని.

గత వేసవిలో అక్క వచ్చినప్పుడు ఆ చిత్రమును చూపితిని. చాలసేపు చూచి, “ఎర్రదారం రంగు దిగుతుంది. ఈ గుడ్డని ఎవరూ ఉతకలేదన్నమాట” అనెను. నేను గలీబు మాట యెత్తితిని. అది ఏనాడో మసిగుడ్డ అయిపోయినదట. “తెల్లదారం ఎవరికీ కనబడదనుకున్నానురా” అని, ఆ చిత్రమును మరల నిమ్మని చేయి చాచెను.