ఆ అమ్మాయి చెప్పింది, నేనే వినలేదు

సాహిత్యంలో పిహెచ్.డి. చేసి, నర్సింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెప్తున్నాను. కిందటి నెల ప్రాక్టికల్ పరీక్షలకి నన్ను పేషెంటుగా పడుకోమన్నారు. ఆ పద్ధతిని ఓస్కీ అంటారు. 1975లో స్కాట్లాండ్‌లో రొనాల్డ్ హార్డెన్ వైద్య విద్యార్థుల కోసం మొదలుపెట్టాడు. ఒక్కోచోట ఒక్కో పని, గంట మోగితే పక్కచోటికి వెళ్ళాలి. టీచరు చేతిలో జాబితా ఉంటుంది. చేతులు కడుక్కుందా, పేరడిగిందా, ఊపిరి నిమిషంపాటు లెక్కపెట్టిందా అని టిక్కులు పెడుతుంది.

నాకు ఆపరేషనై మూడోరోజట. వేగంగా ఊపిరి తీస్తూ పడుకున్నాను. చాలామంది లెక్కపెట్టి, అంకె రాసి వెళ్ళిపోయారు. ఒకమ్మాయి మాత్రం పొద్దుటి చార్టు తిరగేసింది. "పొద్దున పద్దెనిమిదే ఉంది మేడం, ఏదో తేడాగా ఉంది" అంది. ఆ గొంతులో వణుకు విన్నాక నాకింక నటన సాగలేదు.

2018లో అమ్మకి ఆపరేషనైనప్పుడు ఇలాగే మూడోరోజు సాయంత్రం, వార్డులో డ్యూటీ చేస్తున్న విద్యార్థిని నా దగ్గరకొచ్చింది. "అక్కా, అమ్మగారు నిమిషానికి 28సార్లు ఊపిరి తీస్తున్నారు. పొద్దున ఇలా లేరు" అంది. బి.పి. బాగానే ఉంది, జ్వరం లేదు. "డాక్టరుగారు ఇప్పుడే చూసెళ్ళారు కదమ్మా" అన్నాను. ఆ పిల్ల తలొంచుకుని వెళ్ళిపోయింది. అర్ధరాత్రి అమ్మని ఐసీయూకి తీసుకెళ్ళారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందన్నారు. అమ్మ బతికింది. కానీ స్త్రీల మౌనం మీద మూడొందల పేజీల థీసిస్ రాసిన నేను, ఒక ఆడపిల్ల నోరు విప్పి చెప్తే వినలేదు.

నర్సు ఎలా ఆలోచిస్తుందో 2006లో క్రిస్టీన్ టానర్ నాలుగు మాటల్లో చెప్పింది: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, చేసినదాన్ని తిరిగి తలచుకోవడం. విదేశాలకెళ్ళాలని మన పిల్లలు కూడా రాసే అమెరికా లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో, 2023 ఏప్రిల్ నుంచి ఇలాంటి నిర్ణయశక్తినే కొత్తరకం ప్రశ్నలతో పరీక్షిస్తున్నారు. మంచిదే. కానీ పరీక్షలన్నీ ఆ పిల్లకేనా? ఆమె చెప్తే వినాల్సిన డాక్టరుకీ, నాలాంటి బంధువుకీ ఏ పరీక్షా లేదు.

ఇప్పుడు నా క్లాసులో డాక్టరుకి ఫోన్లో ఎలా చెప్పాలో నేర్పుతున్నాను. ఏం జరుగుతోంది, ముందేం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి - ఆ నాలుగూ వరసగా చెప్పాలి. మొదటి రెండూ గడగడా చెప్పేస్తారు. మూడోదాని దగ్గర ఆగిపోతారు.

"నాకనిపిస్తోంది అని డాక్టరుతో అనొచ్చా మేడం?" అని అడిగింది నిన్న ఒకమ్మాయి.

అనాలి అన్నాను. వింటారని మాత్రం చెప్పలేకపోయాను.