చిరునామాయే సీటు
కుపర్టినోలో మంచి బడి ఇళ్ల ధరలను పెంచింది. ఆ ధరలే ఇప్పుడు బడిని ఖాళీ చేస్తున్నాయి.

బడి మొదలయ్యే వేళకు కుపర్టినోలోని మెక్‌క్లెల్లన్ రోడ్డు మీద కార్లు నత్తనడక నడుస్తాయి. లింకన్ ప్రాథమిక పాఠశాల, కెన్నెడీ మిడిల్ స్కూల్, మాంటా విస్టా హైస్కూల్ మూడూ ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. పడమటి దిక్కున శాంతాక్రజ్ కొండలు. చుట్టూ చిన్న పెరటితో ఒక మోస్తరు ఇళ్లు. సిలికాన్ వ్యాలీలోని ఈ శివారు పట్టణంలో ఒకప్పుడు ప్రూన్, ఆప్రికాట్ తోటలుండేవి. 1955లో పట్టణ హోదా వచ్చింది. 1969లో మాంటా విస్టా మొదలైంది. 1993లో ఆపిల్ కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడి ఇన్ఫినిట్ లూప్‌లో పెట్టింది.

అమెరికాలో ప్రభుత్వ బడికి ఫీజుండదు. మాంటా విస్టాలో ప్రవేశ పరీక్ష కూడా లేదు. బడి పరిధిలో నివాసం ఉంటే చాలు, అదే అర్హత. అందుకే స్కూలు జిల్లా అధికారులు నివాస ధ్రువపత్రాలను క్షుణ్ణంగా పరిశీలిస్తారు. రాంకుల కోసం పిల్లల్ని కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో చేర్చే తెలుగు కుటుంబాలకు ఈ లెక్క అర్థం కావడం కష్టమేమీ కాదు. అక్కడ కట్టే ఫీజును ఇక్కడ ఇంటి ధరలో కడతారు, అంతే తేడా.

ఈ లెక్క వలస వచ్చినవారు కనిపెట్టింది కాదు. మంచి స్కూళ్ల కోసం స్టీవ్ జాబ్స్ తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్మంతా పెట్టి 21,000 డాలర్లకు పక్కనున్న లాస్ ఆల్టోస్‌లో ఇల్లు కొన్నారు. జాబ్స్ ఇదే జిల్లాలోని హోమ్‌స్టెడ్ హైస్కూల్లో చదివి 1972లో బయటికొచ్చారు.

తర్వాతి దశాబ్దాల్లో చైనా, తైవాన్, భారత్‌ల నుంచి వచ్చిన ఇంజనీర్లు అదే బాట పట్టారు. 2000 జనాభా లెక్కల్లో పట్టణంలో ఆసియా సంతతివారు 44 శాతం. 2010 నాటికి 63 శాతమయ్యారు. తెలుగువారు 2001లో సిలికానాంధ్ర సంస్థను స్థాపించుకున్నారు. అదే సంస్థ 2007లో పిల్లలకు తెలుగు నేర్పే మనబడిని ప్రారంభించింది. మరోవైపు 2005లో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఇక్కడి మరో ధోరణిని బయటపెట్టింది. చదువుల పోటీ మితిమీరిందని భావించిన కొన్ని తెల్లజాతి కుటుంబాలు మాంటా విస్టాకు, పొరుగునున్న లిన్‌బ్రూక్‌కు దూరం జరుగుతున్నాయన్నది ఆ కథనం సారాంశం. ఆ వాదన మీద పెద్ద చర్చే నడిచింది.

ఇప్పటి సమస్య అది కాదు. అసలు పిల్లలే తగ్గిపోతున్నారు. ఒకప్పుడు 2,400 మందికి పైగా చదివిన మాంటా విస్టాలో 2020ల ఆరంభానికి విద్యార్థుల సంఖ్య 2,000 లోపుకు దిగింది. 2022లో కుపర్టినో యూనియన్ జిల్లాలోని రెగ్నార్ట్, మేయర్‌హోల్జ్ ప్రాథమిక పాఠశాలలు మూతపడ్డాయి. కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. 20 లక్షల డాలర్ల లోపు ఇండిపెండెంట్ ఇల్లు దొరకడం ఇక్కడ గగనం. చిన్న పిల్లలున్న యువ దంపతుల్లో ఎందరికి అంత స్తోమతు ఉంటుంది? పిల్లల చదువులు పూర్తయిన పెద్దలు ఇల్లు వదలరు. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 13 ప్రకారం, పన్నుకు లెక్కగట్టే ఇంటి విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. పాత ఇంట్లోనే ఉంటే పాత లెక్కన పన్ను. అమ్మి పక్క వీధికి మారినా సాధారణంగా కొత్త ధర మీద పన్ను కట్టాలి.

కొత్త అపార్ట్‌మెంట్ల ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ట్రాఫిక్ పెరుగుతుందని, బళ్లు కిక్కిరిసిపోతాయని స్థానికులు అభ్యంతరం చెబుతూ వచ్చారు. వాల్కో మాల్ స్థలంపై ఏళ్ల తరబడి సాగిన వివాదంలోనూ ఈ వాదన వినిపించింది. ఇప్పుడు బళ్లు కిక్కిరుస్తాయన్న మాట నిలిచేలా లేదు. 2023-31 మధ్య 4,588 ఇళ్లకు చోటు చూపాలని రాష్ట్ర ప్రణాళిక కుపర్టినోకు లక్ష్యం విధించింది.

విద్యార్థులు తగ్గితే టీచర్ల సంఖ్య తగ్గుతుంది. ఐచ్ఛిక కోర్సులకూ కోత పడుతుంది. తమ బడి బాగుండాలని కోరుకోని ఇల్లు కుపర్టినోలో ఉండదు. పక్క స్థలంలో నాలుగంతస్తులు లేస్తే ఒప్పుకునే ఇళ్లు ఎన్ని అన్నదే మాంటా విస్టా భవిష్యత్తును తేలుస్తుంది.