కుండలో కట్లపాము

మా నాన్నకి పాము కనిపిస్తే చాలు, ముందు కర్ర కోసం చూస్తాడు. అది ఏ పామన్నది తర్వాతి సంగతి. ఉయ్యూరు చుట్టుపక్కల రైతుల్లో ఇదేం పెద్ద విశేషం కాదు లెండి. ఒకపక్క వరి, ఒకపక్క చెరుకు, మధ్యలో పంటబోదెలు, గట్ల నిండా ఎలుక బొక్కలు. ఎలుకలున్న చోటికి పాములు రాకుండా ఎలా ఉంటాయి?

నాన్న కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆరేళ్ల క్రితం మా పొలం కౌలుకి చేసే ఆయన ఒక శ్రావణమాసం రాత్రి చాప మీద పడుకుని, తెల్లవారుజామున కడుపునొప్పంటూ లేచాడు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. అజీర్తి అనుకుని వాము నీళ్లు తాగించారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. చాప ఎత్తితే కట్లపాము! అప్పుడైనా ఆస్పత్రికి వెళ్లారా అంటే, లేదు. మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆటో మాట్లాడింది మా నాన్నే. ఆస్పత్రికి చేరేసరికి ఇక చేసేదేం లేకపోయింది. ఆ ఆటో సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మొన్న డిసెంబరులో నాన్నకి మహాబలిపురం చూపిద్దామని బయల్దేరాం. విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కి చెన్నైలో దిగాం. మర్నాడు సముద్రం ఒడ్డున రోడ్డు మీద వెళ్తుంటే, ఊరికి ముందే వడనెమ్మేలి దగ్గర మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ వస్తుంది. పాముల మీద జీవితమంతా పని చేసిన రోములస్ విటేకర్ వాళ్లు 1976లో పెట్టారు దాన్ని. మొసళ్లు ఒకదాని మీద ఒకటి దుంగల్లా పడి ఉన్నాయి. కదలట్లేదని ఒక పిల్లాడు గులకరాయి తీస్తే, కాపలా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. జూలో జంతువుని కవ్వించినా, తిండి పెట్టినా చట్టప్రకారం నేరమే. ఆ బోర్డు లేని జూ ఉండదు, దాన్ని చదివే సందర్శకుడూ ఉండడు.

మేం చూడాల్సింది లోపల ఇంకో మూల ఉంది. ఇరుళర్ల పాముల సహకార సంఘం. ఒకప్పుడు పాముచర్మాలు అమ్ముకుని బతికిన గిరిజనులు వాళ్లు. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ బతుకుతెరువు పోయింది. 1978లో సంఘం పెట్టుకుని అవే పాముల్ని బతికుండగా పట్టి, విషం తీసి అమ్మడం మొదలుపెట్టారు. ఇసుక పరిచిన గొయ్యి, చుట్టూ పిట్టగోడ. లోపల మూతికి గుడ్డ కట్టిన మట్టికుండలు వరసగా. ఒక్కో కుండలో ఒక్కో పాము.

"అన్నం కుండల్లా ఉన్నాయి," అన్నాడు నాన్న.

ఆయన గొయ్యిలోకి దిగి కుండ వంచాడు. కొక్కెం కర్రతో నాగుపాముని బయటికి తీసి ఇసుక మీద వదిలాడు. అది పడగ విప్పింది. ఆయన కదలకుండా నిలబడితే అదీ అలాగే ఉండిపోయింది. చెయ్యి ఊపితే చేతి వెంటే ఊగింది.

నా చిన్నప్పుడు మా వీధిలోకి పాములవాడు వచ్చేవాడు. నాదస్వరానికి పాము ఆడుతుందని, గుడ్డుతో పాటు పాలూ తాగుతుందని నేర్పింది ఆయనే. పాముకి బయటికి కనిపించే చెవుల్లేవు. అది చూసేది బూర కదలికని. దాహంతో మాడ్చిన పాము ముందు ఏం పెట్టినా తాగుతుంది. నాగులచవితికి పుట్టలో పాలు పోయొద్దని నేననను, మా అమ్మ ఊరుకోదు. కానీ బతికున్న పాముని చూపిస్తూనే ఎన్ని అబద్ధాలు నేర్పొచ్చో నాకు ఈ గోడ దగ్గరే తెలిసింది. థాయిలాండ్ వెళ్లొచ్చిన మా బంధువులు మెడలో కొండచిలువ వేసుకున్న ఫొటో చూపిస్తుంటారు. దాని గురించి ఏం తెలుసుకున్నారంటే, చల్లగా ఉందట!

ఇక్కడ ఎవర్నీ ముట్టుకోనివ్వరు. పాము తల మెల్లిగా పట్టి, పైన పొర కట్టిన గాజుపాత్ర అంచుకి కోరలు ఆనించారు. పసుపురంగు చుక్కలు నాలుగు జారాయి. అంతే. ఆ విషాన్ని ఎండబెట్టి పొడి చేస్తారు. మందుల కంపెనీలు దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తంలోంచి విరుగుడు తీస్తాయి. మన హైదరాబాద్‌లోని విన్స్ కంపెనీ చేసేదీ ఇదే. ఒక్కో పాము దగ్గర వారానికోసారి, నాలుగుసార్లు తీసుకుంటారు. తర్వాత పొట్ట కింద పొలుసు కొంచెం కత్తిరించి గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు.

తర్వాతి కుండలోంచి కట్లపాము వచ్చింది.

నల్లగా నిగనిగలాడుతూ, సన్నటి తెల్లటి కట్లతో. ఇసుక మీద వదలగానే చుట్టచుట్టుకుని, తలని చుట్టల కింద దాచేసుకుంది. బుస లేదు, ఎగరడం లేదు. పగలు ఇది ఇంతేనట. రాత్రుళ్లు వేటకి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి దూరుతుంది. కోరలు చిన్నవి, కరిస్తే నొప్పి తెలీదు, గాటు కనపడదు. కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలతాయి, తర్వాత ఊపిరి ఆగుతుంది. అక్కడాయన ఇంగ్లీషులో చెబుతున్నది నేను తెలుగులో చెబుతూ, మధ్యలో ఆగిపోయాను. నాన్న నా వంక చూడట్లేదు.

"మంత్రానికి తగ్గుద్దేమో అడుగమ్మాయ్," అన్నాడు.

అడిగాను. పాము కరిచిన ప్రతిసారీ విషం వదలదు, అలాంటి కాట్లకి ఏ మంత్రమైనా పనిచేస్తుంది, అన్నాడాయన. నిజంగా విషం ఎక్కితే సూదిమందు, అవసరమైతే వెంటిలేటర్. అంతేనట.

నాన్న పిట్టగోడ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మహాబలిపురంలో రథాల దగ్గర కూడా పెద్దగా మాట్లాడలేదు.

దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో 12 లక్షల మంది పోయారని ఒక అధ్యయనం లెక్క. ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2018 ఆగస్టులో దివిసీమలో కాట్లు ఎక్కువైతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పయాగం చేశారు. చేసుకోనీండి. ఆ ఖర్చులో కొంత పెట్టి అవనిగడ్డలో ఇలాంటి గొయ్యి ఒకటి, పిట్టగోడ ఒకటి కడితే బాగుండునని మాత్రం నాకనిపిస్తుంది.

నాన్న మారిపోయాడని రాయలేను. జూన్‌లో గడ్డివామి దగ్గర జెర్రిపోతు కనపడితే కర్ర తీశాడు. కాసేపు దాని తల వంకే చూసి, "ఎలకల్ని తినేదేలే," అని దించాడు. మర్నాడు నాగుపాము వస్తే మాత్రం దించలేదు. నేనెంత అరిచినా వినలేదు.

ఊడ్పులు మొదలయ్యే ముందు విజయవాడ వెళ్లి నాలుగు దోమతెరలు, రెండు టార్చిలైట్లు కొనుక్కొచ్చాడు. మా ఇంట్లో మంచాలకి ఎప్పట్నుంచో తెరలున్నాయి. ఇవెందుకు నాన్నా అంటే మాట్లాడలేదు. సాయంత్రం స్కూటర్ మీద నన్ను ఎక్కించుకుని ఆ కౌలుదారు ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య, ఇద్దరు పిల్లలు ఇంకా కిందే పడుకుంటున్నారు. నాన్న వంగి, తన చేత్తోనే ఒక తెర కట్టాడు.

"చివర్లు పరుపు కిందకి దోపాలమ్మా. వదిలేస్తే దండగ," అన్నాడు ఆవిడతో. "కడుపునొప్పని ఎవరు లేచినా నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే. ఆస్పత్రికే ఆటో పిలుస్తా."