ఆటలో అరటిపండు కాదు!

మా నాన్న రిటైర్డ్ డ్రిల్ మాస్టారు. ఖమ్మం దగ్గర స్కూళ్లలో ముప్పై ఏళ్లు విజిల్ ఊదిన మనిషి. ఆర్నెల్లు ఉండి వెళ్దామని అమెరికా వచ్చాడు. మేం ఉండేది మసాచుసెట్స్‌లో, వూస్టర్ పక్కన. రెండు వారాలు సోఫాలో కూర్చునేసరికి ఆయనకి పిచ్చెక్కింది. అందుకే శనివారం పొద్దున్నే ఇంటి దగ్గరి పార్కుకి తీసుకెళ్లి డిస్క్ గోల్ఫ్ చూపించా.

తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. గోల్ఫే, కానీ బంతి ఉండదు, కర్ర ఉండదు. చేతిలో ప్లాస్టిక్ డిస్క్. టీ అనే సిమెంటు గచ్చు మీద నిలబడి విసరాలి. పడిన చోటు నుంచి మళ్లీ విసరాలి. చివరికి గొలుసులు వేలాడే ఇనుప బాస్కెట్‌లో పడాలి. ఎవరు తక్కువసార్లు విసిరితే వాళ్లే గెలిచినట్టు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ మొదటి శాశ్వత కోర్సు వేశాడు. గొలుసుల బాస్కెట్‌కి పేటెంట్ తెచ్చుకున్నదీ ఆయనే.

మొదటి వారం నాన్న రెచ్చిపోయాడు. రెండో వారం వెళ్తే కథ మారింది. మా పార్కులో ఒక్కో హోల్‌కి టీ ఒక్కటే, బాస్కెట్ పెట్టే చోట్లు మాత్రం రెండు. నేలలో సిమెంటుతో బిగించిన గొట్టాలుంటాయి. తాళం తీసి, బాస్కెట్‌ని పైకి లాగి, ఇంకో గొట్టంలో దించుతారు. ఆ వారం వాలంటీర్లు అన్నీ దూరపు చోట్లకి మార్చేశారు. నాలుగుసార్లలో అయిపోయే హోల్ నాన్నకి ఎనిమిదైంది. అయిదో హోల్ దగ్గర భుజం పట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయాడు. “మీరు ఆడండ్రా. నేను చూస్తుంటాలే” అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. గ్రౌండ్‌లో నాన్న కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు మరి.

తర్వాతి ఆదివారం లెస్టర్‌లోని మేపుల్ హిల్‌కి తీసుకెళ్లా. వూస్టర్‌కి పక్క ఊరే. అసలు అదొక క్రిస్మస్ చెట్ల తోట. చెట్ల మధ్య నుంచి, చెరువుల మీదుగా డిస్కులు విసరాలి. పెద్ద పెద్ద ప్రొఫెషనల్స్ వచ్చి ఆడే ఎంవీపీ ఓపెన్ ఇక్కడే జరుగుతుంది. టికెట్ కొని లోపలికి వెళ్తే, ఇక్కడ టీలు రంగుల్లో ఉన్నాయి. ఎరుపు, తెలుపు, నీలం, బంగారం. ఎరుపు అన్నిటికన్నా తేలిక, బంగారం టోర్నమెంట్ ఆటగాళ్లకి.

“నాన్నా, నువ్వు ఎరుపు నుంచి వెయ్యి. నేను తెలుపు నుంచి వేస్తా.”

నాన్న ముందున్న ఎర్ర టీని చూశాడు, నన్ను చూశాడు. “ఏరా, నన్ను ఆటలో అరటిపండుని చేస్తున్నావా?”

చిన్నప్పుడు తమ్ముణ్ని అలాగే చేసేవాళ్లం కదా! అవుటైనా అవుట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. నాన్నకి ఏం చెప్పాలో తోచలేదు. “ఒక్క హోల్ ఆడి చూడు, నచ్చకపోతే వెళ్లిపోదాం” అన్నా.

ముందు నేను వెనక నుంచి వేశాను. తర్వాత ఇద్దరం ఎర్ర టీ దాకా నడిచాం. నాన్న వేశాడు. రెండు డిస్కులూ దాదాపు ఒకే చోట పడ్డాయి! అక్కడి నుంచి ఇద్దరిదీ ఒకే ఆట, ఒకే చెట్టు అడ్డం, ఒకే బాస్కెట్. నీళ్లున్న హోల్‌లో నా డిస్క్ చెరువులో మునిగింది. నాన్న మూడింట్లో ముగించి స్కోరు కార్డు లాక్కున్నాడు.

అప్పుడు ఆయనే అన్నాడు. “ఆరో తరగతి పిల్లాడికి పదో తరగతి వాడి ఇనుప గుండు ఇచ్చానా ఎప్పుడైనా? తేలికది ఇచ్చేవాణ్ని. అయినా వాడిదీ షాట్‌పుట్టే, వాడికీ మెడల్ ఉండేది.”

కోర్సులు వేసేవాళ్ల మధ్య ఎప్పుడూ ఉండే వాదన ఇదే. డబ్బులు కొంచెమే ఉంటే ఎక్కువ టీలు వేయాలా, బాస్కెట్‌కి ఎక్కువ చోట్లు పెట్టాలా? బాస్కెట్ మారిస్తే మంచే జరుగుతుంది. రోజూ వచ్చేవాళ్లకి కోర్సు పాతబడదు. తొక్కి తొక్కి గట్టిపడిన నేలకి, పైకి తేలిన వేర్లకి కాస్త విశ్రాంతి. వాలు అంచున పెట్టారంటే ఎంత బలమున్నవాడైనా చివరి విసురు ఆచితూచి వేయాల్సిందే. కానీ ఆ మార్పు అందరికీ ఒకేసారి వస్తుంది. ఈ వారం కష్టం అంటే అందరికీ కష్టమే. టీలు అలా కాదు. అదే రోజు, అదే హోల్‌లో, బలమైనవాడూ బలం తగ్గినవాడూ పక్కపక్కనే ఆడొచ్చు.

నన్నడిగితే, బాస్కెట్ మారిస్తే రోజూ వచ్చేవాడికి విసుగు పోతుంది. ఇంకో టీ వేస్తే, బెంచీ మీద కూర్చున్నవాడు లేచి వస్తాడు. ఒక్కటే చేయగలిగితే ముందు రెండోది చేయాలి.

మరుసటి శనివారం మళ్లీ మా పార్కు. బాస్కెట్లు ఇంకా దూరంలోనే ఉన్నాయి. నేను టీ మీద నిలబడ్డాను. నాన్న మాత్రం ఆగలేదు. డ్రిల్ మాస్టారి నడకతో అడుగులు లెక్కపెట్టుకుంటూ ముందుకెళ్లాడు. నలభై దగ్గర ఆగి, తలమీది టోపీ తీసి గడ్డిలో పెట్టాడు.

“ఇదిగో, ఇది నా ఎర్ర టీ. నువ్వు వేసెయ్, నేను పక్కకి ఉంటా. స్కోరు మాత్రం సరిగ్గా రాయి!”