భద్రాచలం దారిలో మొండికేసిన రింగు

బైక్ ఉన్న కుర్రాళ్లకి ఖమ్మం నుంచి భద్రాచలం కంటే మంచి వీకెండ్ రూటు మా వైపు తక్కువే. వైరా, తల్లాడ, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, ఆపైన గోదావరి. అంతా కలిపి 120 కిలోమీటర్ల దాకా వస్తుంది. వైరాలో రిజర్వాయరు గాలి, కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు లారీలు, పాల్వంచలో థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. పాల్వంచ దాటితే టేకు, ఇప్ప, తునికి చెట్లు పలకరిస్తాయి.

ఈ దారి ఫొటోలు అందరూ పెడతారు. బండి మెడకి ఏమవుతుందో ఎవరూ పెట్టరు. అందుకే ఇది రాస్తున్నా.

మెడలో ఏముంటుంది?

హ్యాండిల్ తిరిగే చోట, ఫ్రేమ్ ముందున్న పైపులో పైనొకటి, కిందొకటి ఉక్కు రింగులు బిగించి ఉంటాయి. చిన్న బళ్లలో వాటి మధ్య ఉక్కు గోళీలు దొర్లుతాయి. షాపుల్లో దీన్ని బాల్ రేసర్ సెట్ అనో, కోన్ సెట్ అనో అడుగుతారు. గుంతలో పడ్డ ప్రతి దెబ్బా ముందు చక్రం నుంచి ఫోర్కుల మీదుగా ఈ రింగులకే తగులుతుంది. వాననీళ్లు దిగి గ్రీజు పోతే గోళీలు రింగు మీద చిన్న చిన్న గుంటలు చేస్తాయి. అప్పుడు హ్యాండిల్ సరిగ్గా మధ్యకి రాగానే టక్కున పట్టేస్తుంది.

నా పాత బండికి పాల్వంచ దాటాక అదే జరిగింది. నేరుగా వెళ్తున్నా బండి అటూ ఇటూ ఊగుతోంది. బూర్గంపాడు దగ్గర రోడ్డు పక్కన రేకుల షెడ్డు కనిపిస్తే ఆపాను. మెకానిక్ అన్న ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ని రెండు వేళ్లతో తిప్పి చూశాడు. "ఇట్లనే భద్రాచలం దాటి పోదామనుకున్నవా తమ్మీ?" అన్నాడు.

సుత్తి పనికిరాని చోటు

చక్రం, ఫోర్కులు, హ్యాండిల్ అన్నీ విప్పాడు. పై రింగు నాలుగు దెబ్బలకి ఊడింది. కిందది కదల్లేదు. తుప్పు పట్టి పైపుతో ఒకటైపోయింది. పైనుంచి రాడ్డు దించి కొడదామంటే, దాని అంచు పైపు లోపలి గోడతో సమానంగా ఉంది. రాడ్డుకి ఆనే చోటే లేదు. కొడితే జారిపోతోంది.

"ఇంకా గట్టిగా కొట్టన్నా" అన్నాడు పక్కనున్న కుర్రాడు. దుమ్ముగూడెం అవతలి కోయ గూడెం వాళ్లది. తన బండి వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. అన్న సుత్తి కింద పెట్టేశాడు. "కొట్టొచ్చు. పైపు కోలగా అయిందంటే కొత్త రింగు నిలబడదు. ఫ్రేమే మార్చాలి." చాలా బళ్లకి ఛాసిస్ నంబరు ఆ మెడ మీదే ఉంటుంది. ఫ్రేమ్ మారిస్తే డబ్బుతో పోదు, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఆ తర్వాత అన్న చేసింది చూసి తీరాల్సిందే. పెట్రోలు ట్యాంకు తీసి దూరంగా పెట్టించాడు. బ్యాటరీ వైర్లు ఊడదీశాడు. పక్క షెడ్డులోంచి వెల్డింగ్ మిషన్ తెచ్చి, పైపుకి తగలకుండా, రింగు లోపలి అంచు చుట్టూ సన్నగా వెల్డింగ్ గీత వేశాడు. "ఇగ టీ తాగుదాం పద" అన్నాడు.

అసలు కిటుకు ఆ టీలోనే ఉంది. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ రింగుని కూడా లోపలికి లాగుతుంది. వెంట్రుకవాసి తగ్గినా చాలు, పైపు మీద పట్టు వదులుతుంది. టీ అయ్యాక ఒక్క దెబ్బకి రింగు కింద పడింది. ఆ కుర్రాడు దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా గూడేనికి బండే అంబులెన్స్ అన్నా. ఫ్రేమ్ పోతే మాకు దారే పోయినట్టు" అన్నాడు.

కొత్త రింగుల్ని అప్పటికే పక్క కూల్‌డ్రింక్ షాపు ఫ్రీజర్లో పెట్టించాడు. చల్లదనానికి అవి కాస్త ముడుచుకుంటాయి, సులువుగా దిగుతాయి. నేరుగా సుత్తి తగలకుండా పాత పై రింగుని మీద పెట్టి కొట్టాడు. గ్రీజు దండిగా పట్టించి గోళీలు పేర్చాడు. బిగింపు మరీ ఎక్కువైతే హ్యాండిల్ తిరగదు, తక్కువైతే ఊగుతుంది. కొంచెం తోయగానే తన బరువుకి తనే చివరిదాకా వెళ్తే సరిగ్గా ఉన్నట్టు.

సాయంత్రానికి సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కాను. పాత వంతెన 1965 నాటిది. ఇప్పుడు పక్కనే ఇంకోటి వచ్చింది. బండి గీత గీసినట్టు వెళ్లింది.

వెళ్లే ముందు ఒక్క నిమిషం

భద్రాచలం దాకా అయితే ఊళ్లు తగులుతూనే ఉంటాయి. పర్ణశాల వైపో, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్‌కో వెళ్లేవాళ్లు మాత్రం ఇంట్లోనే చూసుకోండి. ఘాట్ మలుపులో హ్యాండిల్ మధ్యలో పట్టేస్తే ఎదురుగా లారీ ఉండొచ్చు. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం లేపండి. హ్యాండిల్ మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. మధ్యలో ఆగిందా? ఫోర్కులు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్ టక్ అందా? ఈ రెంట్లో ఏ ఒక్కటి ఉన్నా ట్రిప్ వారం వాయిదా వేసి మీ వీధి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. రింగు రాకపోతే సుత్తి పెంచొద్దనీ, వెల్డింగ్ గీత వేయమనీ చెప్పండి.