ఎఫెసులో మిగిలిన స్తంభం

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదివేటప్పుడు మేము కంసాలి దేమేత్రియను త్వరగా దాటిపోలేము. వెండి గుళ్లు చేసి అమ్ముకొనేవారికి అది పొట్టకూటి విషయం గదా!

వారు నమ్ముకొన్న అర్తెమిదేవి గుడి సామాన్యమైనది కాదు. రోమీయుడైన ప్లినీ లెక్క ప్రకారం పొడవు 425 అడుగులు. 127 స్తంభాలు, ఎత్తు 60 అడుగులు. భూకంపాలకు వెరచి బురదనేలను ఎంచుకొని, బొగ్గు, గొఱ్ఱెబొచ్చు పరచి పునాది వేశారట. క్రీ.పూ. 356లో హెరోస్ట్రాటస్ అనేవాడు కేవలం పేరు కోసం తగులబెడితే మళ్లీ కట్టారు. చివరకు ఆ బురదే దానిని కప్పేసింది.

1863 నుండి వుడ్ అనే ఇంగ్లీషువాడు వెదికాడు. మాకు ఆశ్చర్యమేమంటే, జనులు రెండు గంటలు కేకలు వేసిన నాటకశాలలోనే ఊరేగింపు దారి తెలిపే శాసనం దొరికింది. ఆ దారి పట్టి 1869లో సుమారు 20 అడుగుల లోతున గుడి నేలను చేరాడు.

ఇప్పుడు టర్కీలోని సెల్చుక్ దగ్గర, ముక్కలు పేర్చి నిలిపిన స్తంభం ఒక్కటే ఉంది. దానిమీద కొంగలు గూడు కట్టుకొంటాయి.