ఛత్రినాక నుంచి లాగిన్

లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడలకు ఆనుకుని ఉన్న ఛత్రినాక నుంచి హైటెక్ సిటీకి వెళ్లాలంటే నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే పాతబస్తీ ఉద్యోగులకు ఆ ప్రయాణం ఆగిపోయి, ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంటికొచ్చింది. కాల్ సెంటర్లలాంటి సంస్థలు ఇంటి నుంచి పని చేయించుకోవడానికి అడ్డుగా ఉన్న నిబంధనలను టెలికాం శాఖ ఆ నెలలోనే సడలించింది. నవంబరులో చాలావాటిని తీసేసింది. ఆఫీసు నెట్‌వర్క్ మాత్రం అంత తొందరగా మారలేదు.

ఉదయం పాస్‌వర్డ్ కొట్టి, తిరుగుతున్న చుక్కల వంక చూస్తూ కూర్చున్నవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. 'ల్యాప్‌టాప్ పాతదైపోయింది', 'మీ ఇంట్లో నెట్ బాగాలేదు' అన్నవే వాళ్లకు మొదట వినిపించే మాటలు. చాలాసార్లు ఆ రెండూ కారణాలు కావు.

విండోస్ 2000తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ పద్ధతిలో, వచ్చినవాడు మనవాడో కాదో తేల్చేది డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్. అది ఎక్కడుందో కంప్యూటర్, పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌ను అడిగి తెలుసుకుంటుంది. చిక్కు ఎక్కువగా ఇక్కడే. ఇంటర్నెట్ ఆగకూడదని చిన్న ఆఫీసుల్లో ఎవరో డీఎన్ఎస్ గడిలో 8.8.8.8 వేసి పోతారు. ఊరందరి వెబ్‌సైట్లూ చెప్పగల ఆ గూగుల్ సర్వర్‌కు ఆఫీసు లోపలి కంట్రోలర్ పేరు తెలియదు. కంప్యూటర్ అడిగి, ఆగి, మళ్లీ అడుగుతుంది. నెట్ ఎంత వేగంగా ఉన్నా లాగిన్ నత్తనడకే. ఇలాంటప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో 5719 నంబరు కనిపిస్తే, కంట్రోలర్‌తో మాట కలవలేదని అర్థం.

తర్వాత చూడాల్సింది గడియారం. డొమైన్‌లో గుర్తింపు చూసే కెర్బెరోస్, మామూలు సెట్టింగుల్లో 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. మదర్‌బోర్డు మీద బిళ్లంత బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోయే డెస్క్‌టాప్‌లు పాత ఆఫీసుల్లో ఇంకా ఉన్నాయి. కొత్త బ్యాటరీ వేసి టైమ్ సరిచేస్తే తీరే జబ్బుకు విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించడం అన్యాయం.

ఇంట్లో ఉన్నవాళ్ల కష్టం ఇంకో రకం. ఆఫీసుతో సంబంధం లేకపోయినా ల్యాప్‌టాప్ తెరుచుకుంటుందంటే, ఇదివరకటి లాగిన్ గుర్తు అందులో దాగి ఉండబట్టే. కొరియర్‌లో కొత్త ల్యాప్‌టాప్ అందుకున్న కొత్త ఉద్యోగికి ఆ గుర్తు ఉండదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ సర్వర్లు అందుబాటులో లేవనే జవాబు వస్తుంది. లాగిన్ కంటే ముందే ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ మొదలయ్యే ఏర్పాటు చేసి పంపితే ఈ అవస్థే ఉండదు. పాస్‌వర్డ్ మార్చాక పాతది ఫోన్‌లోని మెయిల్‌లో ఉండిపోయి, అదే పదేపదే ప్రయత్నించి ఖాతాకు తాళం వేయించడం కూడా మామూలే. అది ఉద్యోగి మతిమరుపు కిందకు రాదు.

ఎప్పుడో తీసేసిన సర్వర్ మీది డ్రైవ్‌లను ఇంకా వెతికే లాగాన్ స్క్రిప్ట్‌లూ, సినిమాలూ ఫొటోలూ నింపుకున్న డెస్క్‌టాప్‌ను రోజూ సర్వర్ నుంచి మోసుకొచ్చే రోమింగ్ ప్రొఫైళ్లూ లాగిన్‌ను ఆలస్యం చేయడం వేరే. జీపీరిజల్ట్ రిపోర్టు తీస్తే ఆలస్యమవుతున్న యూజర్‌కు ఏ పాలసీలు వర్తిస్తున్నాయో తెలుస్తుంది.

ఇవన్నీ తప్పించుకోవడానికి కొందరు దగ్గరి దారి పడతారు: రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టేస్తారు. ఇది ప్రమాదం. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, ఎప్పుడో మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు ఆ పోర్టును రాత్రింబవళ్లు తడుతూనే ఉంటాయి. వీపీఎన్ వెనక ఉంచి, నెట్‌వర్క్ స్థాయి గుర్తింపు ఆన్ చేసి, అవసరమైనవాళ్లనే రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో చేర్చాలి.

ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాల రోజు ఛత్రినాక చుట్టుపక్కల వీధుల్లో ట్రాఫిక్ మళ్లిస్తారు. అలాంటి వేళ ఇంటి నుంచి లాగిన్ కావడమే ఇక్కడి ఉద్యోగికి సులువు. ఐటీ విభాగాల్లో ఉన్నవారికి ఒక విన్నపం: ఫార్మాట్ కొట్టే ముందు డీఎన్ఎస్, గడియారం చూడండి, కారణం తేలేదాకా ఆ ఆలస్యానికి ఉద్యోగి హాజరులో కోత వేయకండి.